సవరించిన ధర

డాబాగార్డెన్స్‌లో మా గదికి మెట్లు నలభై రెండు.
ఎక్కి వచ్చి, ఆయాసం తీరకముందే
ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి
బల్ల మీద పరిచింది గరికిన నూకరత్నం.
మడతల దగ్గర ఉప్పు మరకలు.

"నాను కొన్నది ఎనిమిది వందల అరవై రెండుకి.
నీ పెట్టి ఎనభై ఆరంటాది.
నా రేటు ఎవుడు సెరిపేసినాడు బావూ?"

ఆమెకి కొనిపెట్టింది నేనే.
హుద్‌హుద్‌కి పోయిన తెప్ప తాలూకు పరిహారంలో
అప్పులవాళ్ళు వదిలినంత.
ఒక్క కంపెనీ వద్దు,
యాభై కంపెనీలున్న తట్ట కొనమన్నాను.
తట్టంటే తెలుసు ఆమెకి.
లోపలి సరుకు విలువ వేరనీ
తట్ట మీద పాడిన పాట వేరనీ
నాకన్నా ముందు నుంచీ తెలుసు.

తెర ఆమె వైపు తిప్పాను.
తేదీ పక్కన నాలుగు గడులు:
మొదలు, ఎత్తు, పల్లం, ముగింపు.
సగం చెప్పేలోపే
"మా రేవులో పాటే కదేటి" అంది.
చీకట్లో మొదటి పడవకి పాడింది ఒకటి,
హోటళ్ళ వాళ్ళు పోటీపడ్డప్పుడు ఒకటి,
ఐసు కరిగిపోతుంటే ఒకటి,
తట్టలు కడిగేసే వేళకి ఆఖరిది.
"రాసుకునీవోడు ఆఖరిదే రాస్తాడు.
ఎత్తులో అమ్మినోడు మాత్రం
రాత్రి దాకా అదే సెబుతాడు."

ఇక చెప్పక తప్పలేదు.
ఒకనాడు ఒక్కో యూనిట్టునీ పది చేశారమ్మా.
ధర పదో వంతుకి దిగింది.
గీతలో అగాధం కనబడకూడదని
వెనక్కి వెళ్ళి, పాత ధరలన్నిటినీ పదితో భాగించారు.
నీ నలభై ఇప్పుడు నాలుగొందలు.

కాసేపు గోడకేసి చూసింది.
"వంజరం పది ముక్కలు కొడితే సేప తగ్గదు.
ఒప్పుకుంతాను.
మరి నిన్న అమ్మేసిన సేపని కూడా
ఇయ్యాల కత్తెట్టి కొయ్యడమేటి?"

నా దగ్గర జవాబుంది. దానికో పేరు కూడా ఉంది, సవరణ.
నోటిదాకా వచ్చి ఆగింది.

"గాలివాన రోజు సూపించు."

అక్టోబరు పన్నెండు. వరసలో లేదు.
పదో తేదీ కింద పదమూడు.
ఆదివారమమ్మా, బజారుకి సెలవు.
సోమవారం ముంబైలో మామూలుగానే తెరిచారు,
గీత వెంట్రుకవాసి కదిలింది.
ఆ పొద్దున ఇక్కడ
బీచ్ రోడ్డు చెట్లు వేళ్ళు పైకెత్తి పడున్నాయి,
పాల ప్యాకెట్టుకి మైలు వరస,
జాలారిపేటలో ఎవరి తెప్ప ఎవరి గోడ మీదుందో
వెతుక్కుంటున్నారు.
ఆ రెండు తేదీల మధ్య సందులో
వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

తరవాత ఆ వేలే గీత మీద పాకి
ఒక లోతు దగ్గర ఆగింది.
లాక్‌డౌన్, అన్నాను. డెబ్బై ఆరు.
నువ్వు కొన్నదానికన్నా కింద.
"అప్పుడే అమ్మేద్దారని బయలెల్లినాను.
జగదాంబ కాడ పోలీసులు తిప్పేసినారు.
వచ్చినా నీ గదికి తాళం."

ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను,
ఓపిక పట్టండి, నూకరత్నంలా ఓపిక పట్టండి అని.
రేపట్నుంచి ఏం చెప్పాలో.

పోతూ పోతూ పెన్సిలు తియ్యమంది.
కాగితం అంచున
ఎనిమిది, ఆరు, రెండు రాయించుకుంది.
"నానిచ్చింది ఇది. ఉండనీ."

మూడున్నర. తెర మీద అంకెలు నిలబడిపోయాయి.
కిటికీలో, రెండు మేడల నడుమ
గుడ్డపీలికంత సముద్రం ఇంకా కదులుతోంది.

తరవాత వచ్చిన కాలేజీ కుర్రాడు
ఆమె కుర్చీలోనే కూర్చుని, ముక్కు నలుపుకుని,
"ఎండుచేపల వాసన సార్, ఫ్యాను వెయ్యరా" అన్నాడు.
పాడైందన్నాను.